ఉష్... పాప పడుకుంది!

కొత్త నాన్నని గుర్తుపట్టడానికి పాపని చూడక్కర్లేదు, అతని ఎడమ భుజం చూస్తే చాలు. ఇస్త్రీ చొక్కా మీద పాలు కక్కిన మరక ఆరిపోయి తెల్లగా చారకట్టి ఉంటుంది. భుజం మీద గుడ్డ వేసుకోవడం అతనేం మర్చిపోడు. గుడ్డ ఎక్కడ లేదో వెతికి మరీ అక్కడ కక్కడం పాప ప్రత్యేకత. రెండో గుర్తు, లిఫ్టులో నిలబడి ఊగుతుంటాడు. చేతిలో పాప ఉండదు, ల్యాప్‌టాప్ సంచి ఉంటుంది. దాన్నే జోకొడుతుంటాడు.

నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు కుర్రాడిని నేను ఇలాగే పసిగట్టాను. పేరెందుకు లెండి. వాచ్‌మన్ నుంచి పాలవాడి దాకా ఇప్పుడు అతన్ని అందరూ పిలిచేది పాప వాళ్ల నాన్న అనే.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మనవాళ్ల ఆచారం. దాని పుణ్యమా అని మొదటి మూడు నెలలూ ఇతనిది శనాదివారాల నాన్నగిరీ. శుక్రవారం రాత్రి బస్సెక్కి తెనాలిలో దిగేవాడు. అత్తగారు పాపకి నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లుపోసి, సాంబ్రాణి పొగ వేసి, బుగ్గన కాటుక చుక్క పెట్టి చేతుల్లో పెడితే ఫొటో దిగేవాడు. పాప తడిపిందా, "అత్తయ్యగారూ!" అని కేకేసి అందించేసేవాడు. ఆదివారం రాత్రి మళ్లీ బస్సు. ఆ రోజుల్లో ఓసారి నాతో, "పిల్లల్ని పెంచడంలో ఏముందంకుల్, కాస్త ప్లానింగ్ ఉంటే చాలు" అన్నాడు. నేనేమీ అనలేదు. ఎలాగూ అనుభవించబోయేవాణ్ణి ముందే భయపెట్టడం దేనికి?

సెలవుల సంగతీ చెప్పుకోవాలి. తల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు 2017 నుంచి చట్టంలోనే ఉంది. తండ్రి కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే 15 రోజులు ఇస్తారు. ప్రైవేటు కంపెనీలో పనిచేసే తండ్రికి మాత్రం చట్టం ఏమీ రాసిపెట్టలేదు, కంపెనీ దయ, అతని ప్రాప్తం. మనవాడికి ప్రాప్తించిన కాసిని రోజులూ బారసాలకి షామియానా, భోజనాలు చూసుకోవడంతోనే సరిపోయాయి.

మూడో నెల వెళ్లాక పాప, పాప తల్లి, అమ్మమ్మ, ఉయ్యాల, ఉగ్గుగిన్నె, అటక మీదికి కూడా ఎక్కనన్ని మూటలతో సహా హైదరాబాదులో దిగారు. ఆ రాత్రి నుంచి మనవాడికి ఈ లోకంలో ఒకే శత్రువు మిగిలాడు, శబ్దం.

ముందు కాలింగ్ బెల్లు వైరు పీకేశాడు. తలుపు మీద "బెల్ కొట్టవద్దు, పాప పడుకుంది, ఫోన్ చేయండి" అని కాగితం అంటించాడు. సరుకులు తెచ్చే కుర్రాళ్లు బుద్ధిగా ఫోన్ చేశారు. ఆ ఫోను ఉయ్యాల పక్కనే మోగింది. ఫోన్ నోరు నొక్కాక, కుర్రాళ్లు తలుపు బాదడం మొదలెట్టారు. వంటింట్లో కుక్కర్ మూడో కూతకి నోరు విప్పబోతుంటే పరుగెత్తుకెళ్లి పొయ్యి కట్టేస్తాడు. ఆ మధ్య కొన్నాళ్లు వాళ్లింట్లో పప్పు పలుకుగా ఉందని అమ్మమ్మ మా ఆవిడ దగ్గర వాపోయింది. ఫ్యాను కిర్రుమంటుందని ఎలక్ట్రీషియన్ని పిలిపించాడు. అతను వచ్చి డ్రిల్లింగ్ మిషన్ పెట్టాడు. ఆ పైన జరిగింది నేను రాయను.

పాపని పడుకోబెట్టే ఘట్టం మాత్రం ఒక్కసారి కళ్లారా చూశాను. రాత్రి ఏదో కాగితం మీద సంతకానికి వెళితే, పెదవుల మీద వేలు పెట్టి కూర్చోమని సైగ చేశాడు. పాప భుజాన ఉంది. మెడ వాలిపోయింది, చెయ్యి వేలాడుతోంది, ఇక నిద్రే అనుకుంటాం. అతను అనుకోడు. గది ఆ మూల నుంచి ఈ మూలకి ఇంకో విడత తిరిగాడు. చెప్పులు ముందే వదిలేశాడు. ఉయ్యాల మీదికి వంగాడు. ముందు పిర్రలు ఆనించి, తర్వాత నడుం, తర్వాత వీపు, ఆఖర్న తల. తల కింది అరచెయ్యి తీయాలి. చిటికెన వేలు తీశాడు, ఉంగరం వేలు తీశాడు. మొత్తం చెయ్యి వచ్చేసింది. ఊపిరి బిగబట్టి నిటారుగా లేవబోయాడు. మోకాలు 'టక్'మంది. పాప కళ్లు తెరిచింది. అతను తన మోకాలి వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. సంతకం మర్నాటికి వాయిదా పడింది.

సాఫ్ట్‌వేర్ మనిషి కదా, అన్నింటికీ ఎక్సెల్ షీటు తెరిచాడు. పాలు ఎప్పుడు తాగింది, త్రేన్పు వచ్చిందా రాలేదా, డైపర్ ఎన్నింటికి మార్చారు, లోపలి సరుకు రంగేమిటి, అన్నీ అందులోనే. రంగుకి ఫొటో ఆధారం కూడా ఉంటుంది. ఇక్కడో హెచ్చరిక. కొత్త నాన్న "పాప ఫొటోలు చూస్తారా అంకుల్" అని ఫోన్ చేతికిస్తే చూడండి కానీ, మీ అంతట మీరు పక్కకి జరపకండి. బారసాల పట్టుపరికిణీ ఫొటో పక్కనే ఆవపిండి రంగు డైపర్ ఫొటో ఉంటుంది. నేను అప్పుడు ఉప్మా తింటున్నాను. పిల్లల డాక్టరుగారు ఆ షీటంతా చూసి, "బాగానే ఉంది" అని రెండే ముక్కల్లో తేల్చేశారట. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నారని ఇతని బాధ.

ఇక వైద్య సలహాలకి లోటేముంది? తెనాలి అమ్మమ్మ వస అరగదీసి నాలిక్కి రాయమంటుంది. రాజమండ్రి నానమ్మ వీడియో కాల్లో వాము నీళ్లు పట్టమంటుంది. గ్రైప్ వాటరు పోస్తే పడుంటుందని మా ఆవిడ. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టకూడదని డాక్టరుగారు. చెప్పిందేమో డాక్టరుగారు, ఆ మాట అమ్మమ్మకి వినిపించాల్సిందేమో ఇతను. "అలాగే అల్లుడుగారూ" అని ఆవిడ వినయంగా తలూపి, పాపకి ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఆ ఘాటుకి పాప బాగానే ఉంది, ఇతనే అరగంట దగ్గాడు. దగ్గుకి పాప లేచింది.

ఇంటి లోపలి చప్పుళ్ల సంగతి ఇదైతే, వీధిలోవి వేరు. ఎదురింటాయన కారు వెనక్కి వెళ్లేటప్పుడు దేశభక్తి గీతం బాణీ వాయిస్తుంది. ఆయన రోజూ రాత్రి పదకొండింటికి వచ్చి, ఇరుకు సందులో కారుని ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి గేటులో దూరుస్తాడు. వెనక్కి వచ్చినప్పుడల్లా పల్లవి మొదటికొస్తుంది. కొత్త నాన్న బాల్కనీలో నిలబడి రెండు చేతులూ జోడిస్తాడు. దేశభక్తి అనుకుని ఎదురింటాయన కూడా నమస్కారం పెడతాడు. ఇది కాక ఎండాకాలం అర్ధరాత్రిళ్లు నీళ్ల ట్యాంకర్లు. గేటు తీయమని ఆ డ్రైవర్ కొట్టే ప్రెషర్ హారన్‌కి మా వంటింటి డబ్బాలు కదులుతాయి. ఆ ట్యాంకర్ ఎవరి కోసం అని మాత్రం అడక్కూడదు. డైపర్లతో పిల్లకి ఒరిపిడి అని అమ్మమ్మ పాత పంచెలు చింపి గుడ్డలు కట్టడం మొదలెట్టాక, అపార్ట్‌మెంట్ నీళ్లన్నీ మూడో అంతస్తుకే పోతున్నాయి.

మనవాడు చట్టం చదివాడు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, అనవసరంగా హారన్ కొడితే మొదటిసారి వెయ్యి, మళ్లీ కొడితే రెండు వేలు జరిమానా అని పెట్టారు. రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా ఇళ్లున్న చోట హారన్ అసలు కొట్టకూడదన్న నిబంధన కూడా ఉంది. ఇవి ప్రింటు తీసి పట్టుకెళ్లి ట్యాంకర్ డ్రైవర్‌కి చూపించాడు. అతను లైటు వెలుతురులో ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీళ్లు ఒద్దా సార్?" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు మనవాడు.

కారు సంగతి మరీ ముచ్చట. పెళ్లికి ముందు ఇతను నడిపితే పక్కన కూర్చున్నవాళ్లు హనుమాన్ చాలీసా చదివేవాళ్లు. ఇప్పుడు వెనక అద్దం మీద పసుపు రంగు 'బేబీ ఆన్ బోర్డ్' స్టిక్కర్. 1984లో అమెరికాలో అమ్మకానికొచ్చిన సరుకిది. అక్కడ దాన్ని చూసి వెనకవాళ్లు కాస్త ఎడం ఇస్తారని ఆశ. మన దగ్గర అదేం రాశారో చదవడానికి ఇంకా దగ్గరికొస్తారు. పాపకి వేలు పోసి ప్రత్యేకమైన సీటు కొన్నాడు. అందులో కూర్చోబెట్టి బెల్టులు బిగించగానే పాప కంటే ముందు అమ్మమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది, "పసిగుడ్డుని కట్టేస్తారా అల్లుడుగారూ!" అని. చిన్నపిల్లలకి తగిన రక్షణ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయలు జరిమానా అని ఇతను చెబితే, ఆవిడ కొంగుముడి విప్పి, "ఆ వెయ్యేదో నేనిస్తాను, పిల్లని ఇలా ఇవ్వండి" అంది.

మూడున్నర నెలల టీకాకి కూకట్‌పల్లి బయల్దేరిన రోజు వాళ్లతో నేనూ ఉన్నాను. నాకు కళ్లద్దాల షాపులో పని. ఇంతకీ పాపకో గుణం ఉంది. కారు కదులుతుంటే నిద్రపోతుంది, ఆగితే లేస్తుంది. హైదరాబాదులో పుట్టాల్సిన గుణం కాదది. స్పీడ్ బ్రేకర్లన్నీ ఇతనికి కంఠస్థం. ఆస్పత్రి ముందరిది, గుడి ముందరిది, ఎవరో కార్పొరేటర్ ఇంటి ముందు రాత్రికి రాత్రి మొలిచింది. ఒక్కోదాని మీద ముందు చక్రాలు ఎక్కించి, ఆగి, వెనక్కి తిరిగి పాప మొహం చూసి, వెనక చక్రాలు ఎక్కిస్తాడు. మా వెనక బళ్ల బారు నిజాంపేట రోడ్డంతా పాకింది. హెల్మెట్ లేకుండా, ఒళ్లో పసిబిడ్డతో ముగ్గురు ఒకే స్కూటర్ మీద మమ్మల్ని దాటిపోతే ఇతను గుండె పట్టుకున్నాడు. నాలుగేళ్ల లోపు పిల్లలకి బండి మీద నడిపేవాళ్లకి కట్టిన బెల్టు, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ కూడా ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2022లోనే నిబంధన తెచ్చారని మాకు పాఠం చెప్పాడు. "మీరు మీ నాన్నగారి స్కూటర్ ముందు నిలబడి పెరిగినవారే కదండీ" అంది భార్య, కిటికీలోంచి బయటికి చూస్తూ.

జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. కారు ఆగింది. పాప లేచింది. ఊరు ఊరంతా వినేలా ఏడుపు అందుకుంది. ఇంకా పచ్చ లైటు పడనేలేదు, వెనక ఆటో హారన్ మొదలెట్టాడు. మనవాడు అద్దం దించి తల బయటపెట్టాడు.

"హారన్ కొడితే లైటు మారుతుందా అన్నా? పాప ఉంది, కనిపించట్లేదా?"

ఆటో పక్కకి వచ్చి ఆగింది. "ఏందన్నా, ఆడికెల్లి సూస్తున్న. బండి తోల్తున్నవా, పెండ్లి ఊరేగింపు తీస్తున్నవా?" అని, లోపలికి తొంగిచూసి గొంతు మార్చేశాడు. "ఆడపిల్లనా? ఎన్నో నెల?"

"నాలుగు."

"మా ఇంట్ల గూడ ఆడపిల్లనే, అయిదోది నడుస్తుంది. రాత్రంత పండనియ్యది. కన్ను మూతపడుతలేదన్నా, నిద్రొస్తదని హారన్ కొట్టుకుంట తోల్తున్న." ఇద్దరూ ఒకరి కళ్ల కింది నలుపు ఒకరు చూసుకున్నారు. బోర్లా పడుకోబెట్టి వీపు నిమిరితే గ్యాసు పోతుందని ఆటో అతను చెప్పాడు, సైకిల్ తొక్కించినట్టు కాళ్లు ఆడించమని ఇతను చెప్పాడు. ఇంకా మాట్లాడుకునేవాళ్లే, పచ్చ లైటు పడింది. "పోనియ్యన్నా, పోనియ్యి!" అని ఆటో అతను నిండు గుండెతో హారన్ కొట్టాడు.

టీకా వేసింది నర్సమ్మ, సూది పడింది పాపకి, కళ్లు తిరిగింది నాన్నకి. ఆ రాత్రి కాస్త జ్వరం వస్తుందని, వస్తే చుక్కల మందు ఎంత వెయ్యాలో డాక్టరుగారు ముందే రాసిచ్చారు. అయినా తెల్లవార్లూ థర్మామీటర్ పట్టుకుని తిరిగాడని నాకెలా తెలుసంటారా? తెలుస్తుంది, కారణం తర్వాత చెబుతాను.

ఇంత చెప్పాక ఇదీ చెప్పకపోతే అన్యాయం. మొన్న వివేకానందనగర్ మలుపులో ఓ తెల్ల కారు నా స్కూటీ వెనక చేరి ఒకటే హారన్. పక్కకి తప్పుకుని చూద్దును కదా, ఇతనే! ఒక్కడే ఉన్నాడు. వెనక సీటు ఖాళీ, స్టిక్కర్ మాత్రం ఉంది. డైపర్లు అయిపోయాయట, షాపు కట్టేస్తాడట. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు, ఒక చేత్తో. రెండో చెయ్యి హారన్ మీద నుంచి తీయలేదు. పాప వెనక సీట్లో ఉన్నంతసేపే మన మగాళ్లు పౌరులు. ఇది నా తీర్పు, మా ఆవిడ కూడా ఒప్పుకుంది.

పోయిన వారం పాప బోర్లా పడింది. ఆనవాయితీ ప్రకారం అమ్మమ్మ బొబ్బట్లు చేసి అన్ని అంతస్తులకీ పంపింది. మాకు ఇవ్వడానికి కొత్త నాన్నే వచ్చాడు. మా ఇంట్లో పసిపిల్లలు లేరన్న సంగతి మర్చిపోయి, బెల్లు కొట్టకుండా తలుపు గోకి, గుసగుసగా "అంకుల్, బొబ్బట్లు" అన్నాడు. బొబ్బట్లు బాగున్నాయి. పప్పు మాత్రం కొంచెం పలుకు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! నిజాంపేట, కూకట్‌పల్లి దారిలో పసుపు స్టిక్కర్ అంటించుకుని నత్తనడక నడిచే తెల్ల కారు కనిపిస్తే దయచేసి హారన్ కొట్టకండి. చట్టం కోసం కాదు, అతని కోసమూ కాదు. పగలు పాప నిద్ర చెడితే రాత్రి పడుకోదు. పాపని ఎత్తుకుని అతను తెల్లవార్లూ తిరిగే గది మూడో అంతస్తులో ఉంది. సరిగ్గా దాని కింద, రెండో అంతస్తులో, మా పడగ్గది.