బుల్లెట్టుకో తమ్మపడిగ

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఉన్న ఇంటిని కనిపెట్టడానికి డోర్ నంబరు అక్కర్లేదు. వాకిట్లో ముగ్గు పక్కన అరచేయంత నల్లటి మరక ఉంటే అదే ఇల్లు. మరక తడిగా ఉందా, ఎండిపోయిందా అన్నదాన్ని బట్టి యజమాని ఊళ్లో ఉన్నాడో లేడో కూడా చెప్పెయ్యొచ్చు. ఆ మరక సంగతి ఎత్తితే బుల్లెట్ వాళ్లు నొచ్చుకోరు. "కారుతోందంటే లోపల ఆయిల్ ఉందనేగా" అని ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం మనకి కాదు, వాళ్లకే.

మరకకి మందు షెల్లాక్ అని తరతరాల నమ్మకం. కారినచోట విప్పడం, ప్యాకింగ్ మార్చడం, షెల్లాక్ దట్టంగా పూసి బిగించడం. నెల తిరక్కుండా ఇంకోచోట కారుతుంది. అక్కడా పూస్తారు. చివరికి ఇంజిన్‌లో ఇనుము కంటే షెల్లాక్ బరువెక్కాక "షోరూమ్ కండిషన్" అని రాసి అమ్మకానికి పెడతారు. లోపలి గాలికి బయటికి పోయే దారి లేకపోతే అది ప్యాకింగుల సందుల్లోంచి దారి చేసుకుంటుందనీ, పోతూ పోతూ ఆయిల్‌ని కూడా వెంటేసుకు పోతుందనీ ఎవరికీ తట్టదు.

నాకు ఈ జ్ఞానం మా మేనల్లుడి పుణ్యమా అని అబ్బింది. బెజవాడలో ఇంజినీరింగ్ పూర్తిచేసి, వాళ్ల నాన్న మూల పడేసిన 350 బుల్లెట్‌ని 500 చేస్తానని కూచున్నాడు వాడు. లెక్క చెబితే తేలికే. 350కి బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90, వెరసి 346 సీసీ. 500కి కూడా స్ట్రోకు అదే 90, బోరు మాత్రం 84. కాబట్టి పెద్ద సిలిండరు, పెద్ద పిస్టన్ తెచ్చి, అవి కూచునేలా క్రాంక్‌కేస్ మూతిని లేత్ మీద వెడల్పు చేయిస్తే 499 సీసీ చేతికొస్తుంది. ఆటోనగర్లో ఆ పని చేయలేని లేత్ దొరకడమే కష్టం. పిస్టన్ పెద్దదైంది, కార్బురేటర్ పెద్దదైంది, సైలెన్సర్ మరీ పెద్దదైంది, మా బావగారి బీపీ కూడా పెద్దదే అయింది. లోపలి గాలిని బయటికి పంపే బ్రీదర్ గొట్టం ఒక్కటే పాతది. దాని పేరు ఖర్చుల కాగితంలో లేనే లేదు.

"ఆర్సీలో 346 అనే ఉంటుంది కదరా, మరి?" అన్నాను.

"సీసీ బయటికి కనిపించదుగా మావయ్యా."

"వినిపిస్తుంది."

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాడికి చదివి వినిపించాను. తయారుచేసినవాడు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పిందన్నాను. ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి అడుగుతానని మాటిచ్చాడు. వెళ్లేదాకా బండి రోడ్డెక్కదని అనుకున్న అమాయకుణ్ణి నేనొక్కణ్ణే.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. బోరు గురించి చెప్పేటప్పుడు కాస్త బోరు కొడితే ఏమీ అనుకోకండి.

సింగిల్ సిలిండరు ఇంజిన్‌లో పిస్టన్‌కి పైన ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పేలుడు, చప్పుడు, దేవుడి దయ ఉంటే కదలిక. కింద జరిగేదే ఎవరికీ పట్టదు. 350లో పిస్టన్ దిగిన ప్రతిసారీ కింది గదిలోని గాలిని 346 సీసీల మేర నొక్కుతుంది, ఎక్కినప్పుడు అంత మేరా లాగుతుంది. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగేటప్పుడు ఒక్క దిగుడుకి పట్టే కాలం సెకనులో నూరో వంతు. ఇది చాలదన్నట్టు, పైన మండే వాయువులో కొంత రింగుల సందుల్లోంచి కిందికి జారుతుంది. దాన్నే బ్లోబై అంటారు. కాలని పెట్రోలు, నీటి ఆవిరి, పొగ, వీటికి తోడు క్రాంక్ చిలకరించిన ఆయిల్ తుంపర అన్నీ కలిసి కింది గదిలో గుమిగూడతాయి. వాటిని బయటికి పంపాలి.

అందుకే బుల్లెట్ చేసినవాళ్లు బ్రీదర్ దారిలో డక్‌బిల్ అనే రబ్బరు మూతి పెట్టారు. గాలి బయటికి పోయేటప్పుడు దాని పెదవులు తెరుచుకుంటాయి, వెనక్కి రాబోతే మూసుకుంటాయి. మొదటి కొన్ని ఊదుళ్లకే లోపలి గాలి చాలామటుకు పోతుంది. పోయినదాన్ని మళ్లీ రానివ్వదు కనక లోపలి ఒత్తిడి సగటున బయటి కంటే కాస్త తక్కువే ఉంటుంది. అలాంటప్పుడు ప్యాకింగ్ కొంచెం వదులైనా బయటి గాలి లోపలికి పోవాలని చూస్తుందే తప్ప ఆయిల్ గడప దాటదు. ఇంత బరువైన ఇంజిన్ పరువు చిటికెనవేలంత రబ్బరు ముక్క చేతిలో ఉందన్నమాట. ఆ ముక్క వేడికీ ఆయిల్‌కీ గట్టిపడి పగిలిపోతుంది. అది మార్చాలని గుర్తున్నవాణ్ణి నేను చూడలేదు.

ఇప్పుడు మావాడి బండికి రండి. 346 కోసం పెట్టిన దారిలోంచి 499 పోవాలి. అంటే నూటికి నలభై నాలుగు వంతులు ఎక్కువ. కొత్త రింగులు సిలిండరుకి ఇంకా సర్దుకోలేదు గనక బ్లోబై కూడా జాస్తి. ఆ స్థితిలో మంగళగిరి దాకా వెళ్లొచ్చాడు. వెళ్లినప్పుడు ప్యాంటు తెలుపు, వచ్చినప్పుడు ఒక కాలు చిరుతపులి.

"ఒరే తమ్ముడూ, వీడి బండి వీడి మీదే ఉమ్మేసిందిరా!" అంది మా అక్క. ఆవిడ మెకానికల్ చదవలేదు గానీ ఇంతకంటే కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

ఆటోనగర్ మేస్త్రీ ముందు డిప్‌స్టిక్ తీసి చూశాడు. ఆయిల్ పై గీత దాటి ఉంది. "ఎక్కువ పోస్తే ఎక్కువ బలం అనుకున్నారా బాబూ? పాత బుల్లెట్ తనకి అక్కర్లేనిదంతా తనే కక్కేస్తుంది" అన్నాడు. దానికి తోడు బండి వారాల తరబడి నిలబడి ఉంటే, ఆయిల్ తన గదిలోంచి క్రాంక్ గదిలోకి మెల్లగా జారిపోతుందట. కిక్కు కొట్టగానే, పంపు దాన్ని వెనక్కి తోడుకునేలోపే బ్రీదర్ బయటికి చిమ్మేస్తుంది. ఆయిల్ గీత దగ్గరికి దించి, కొత్త డక్‌బిల్ వేసి, గొట్టం లావుది పెడితే సగం రోగం కుదురుతుందన్నాడు. మిగతా సగానికి క్యాచ్ క్యాన్ పెట్టుకోమన్నాడు.

పూర్వం జమీందారుగారు తాంబూలం నములుతుంటే పక్కన తమ్మపడిగ పట్టుకుని ఒకడు నిలబడేవాడు. క్యాచ్ క్యాన్ ఉద్యోగం అచ్చంగా అదే. బ్రీదర్లోంచి వచ్చే ఆవిరి సన్నటి గొట్టంలోంచి వెడల్పాటి డబ్బాలోకి రాగానే వేగం తగ్గుతుంది. లోపల అడ్డంగా ఉన్న రేకుని తప్పుకుని మలుపు తిరగాలి. గాలి తిరుగుతుంది, బరువైన ఆయిల్ చుక్క తిరగలేక జాలీకి అంటుకుని కిందికి దిగుతుంది. డబ్బా గోడ చల్లగా ఉంటే నీటి ఆవిరి కూడా అక్కడే నీరవుతుంది. గాలి ఒక్కటే ముందుకు పోతుంది. అందుకే ఖాళీ డబ్బా పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. లోపల జాలీ ఉండాలి. అదీ గట్టిగా చుట్టిన స్టెయిన్‌లెస్ జాలీయే. గిన్నెలు తోమే పీచు కూరితే దాని పోగులు ఊడి కార్బురేటర్ వైపు ప్రయాణం కడతాయి.

మావాడికి ఇవేవీ ఎక్కలేదు. డబ్బా రంగు ముఖ్యం. నెమలిపింఛం నీలం అల్యూమినియం క్యాన్ ఒకటి తెప్పించాడు. దానికి రెండు కన్నాలు. ఒకదానికి బ్రీదర్ గొట్టం తగిలించి, రెండోదాంట్లో దుమ్ము పడుతుందని బోల్టు బిగించాడు. ఆ సాయంత్రం, కంపెనీలో పుట్టిన నాటి నుంచీ ఒక్క చుక్క కార్చని చోట నుంచి ఆయిల్ దిగింది. మేస్త్రీ బోల్టు విప్పి వాడి చేతిలో పెట్టాడు.

"నోరూ ముక్కూ మూసి పరుగెత్తమంటే ఎలా బాబూ?"

సరే, రెండో కన్నం ఎటు పోవాలి? గాలిలోకి వదిలేసి చిన్న ఫిల్టర్ తగిలించుకోవచ్చు, అందంగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే వెనకాల కూచున్న ఇల్లాలికి కాలిన ఆయిల్ వాసన ఉచితం. ప్రపంచమంతా ఒకప్పుడు ఇలాగే వదిలేసింది. కార్ల కింద ఒక గొట్టం రోడ్డు మీదికి వేలాడుతూ ఉండేది, బండి పరుగుకి గాలి లాక్కుపోయేది. లాస్ ఏంజిలస్‌లో జనం కళ్లు మండి ఏడుస్తుంటే, హాగెన్-స్మిట్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త, అప్పటిదాకా అనాసపండు రుచి దేనివల్ల వస్తుందో వెతుకుతున్నవాడు, పండు పక్కన పెట్టి ఊరి గాలిని పరీక్షించాడు. కాలని పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఆ మంట పుట్టిస్తున్నాయని తేల్చాడు. 1961లో కాలిఫోర్నియా క్రాంక్‌కేస్ వాయువుని మళ్లీ ఇంజిన్‌లోకే పంపి కాల్చాలని నియమం పెట్టింది. కార్ల కాలుష్యం మీద అమెరికాలో తప్పనిసరి చేసిన మొదటి ఏర్పాటు అదే. క్రాంక్‌కేస్ వాయువుని అలా లోపలికి పంపేదే పీసీవీ వాల్వు. కనక రెండో కన్నం ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకే పోవాలి. మన నిట్టూర్పు మనమే మింగాలి.

టర్బో కార్లవాళ్ల బాధ ఇంకో రకం. చిప్ ట్యూన్ చేయించి బూస్టు పెంచితే రింగులు దాటి జారేది కూడా పెరుగుతుంది. బూస్టు వచ్చినప్పుడు మ్యానిఫోల్డ్‌లో లాగుడు పోయి తోపుడు మొదలవుతుంది. పీసీవీ వాల్వు మూసుకుని ఆవిరంతా రెండో దారిన టర్బో ముందుకి పోతుంది, ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ పేరుకుంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే మరీనూ. ఇన్‌టేక్ వాల్వుల్ని పెట్రోలు కడగదు గనక వాటి వెనక మసి గట్టిగా కడుతుంది. ఒక దారికే క్యాన్ పెట్టి రెండోదాన్ని మరిచినవాళ్లు వీధికొకరు. ఈ బాధలేవీ లేని పరుగుపందెం మనం ఒకసారి చూశాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, కరెంటు కార్ల పందెం. వాటికి క్రాంకే లేదు, ఇక కేసెక్కడిది?

పెట్రోలు పందేల్లో మాత్రం వాటికి నియమాలు రాసే ఎఫ్‌ఐఏ పట్టింపు గట్టిది. బ్రీదర్ బయటికి తెరిచి ఉన్న కారుకి, ఇంజిన్ 2000 సీసీ లోపైతే కనీసం 2 లీటర్లు, దాటితే 3 లీటర్లు పట్టే క్యాచ్ ట్యాంకు ఉండాలి, లోపలిది బయటికి కనబడాలి. ట్రాక్ మీద ఆయిల్ పడితే వెనక వచ్చేవాడు జారతాడని. ఇది చదివి మావాడు రెండు లీటర్ల డబ్బా కావాలన్నాడు. బుల్లెట్ ఇంజిన్ ఆయిలంతా కలిపితే రెండు లీటర్ల పైచిలుకు. ఆయిల్ కాపురం మొత్తం డబ్బాలోకి మార్చేయొచ్చు.

ఇంతలో మా బావగారు అటక మీది నుంచి మేకులు దాచుకునే నల్లటి రేకు డబ్బా ఒకటి దించారు. గొట్టాలు తగిలించుకునే మూతులున్నాయి దానికి. మేస్త్రీ చూసి పడీపడీ నవ్వాడు. అది బండితోపాటు కంపెనీ ఇచ్చిన క్యాచ్ క్యానే! ఆ రోజుల్లో బుల్లెట్ కొన్నవాడు మొదట పీకి అవతల పెట్టింది దాన్నే, ఎందుకో తెలియని సామాను బండికి బరువని. మేకులు ఖాళీ చేసి, కడిగి, జాలీ పెట్టి బిగించారు. ఇంజిన్ బ్రీదర్ కంటే ఎత్తులో, సైలెన్సర్ వేడి తగలని చోట, గొట్టం ఎక్కడా పల్లంగా వేలాడకుండా. నీలం డబ్బా ఇప్పుడు మావాడి పుస్తకాల అరలో షో పీసు.

మొదటిసారి మూత విప్పితే లేత పసుపు నురగ వచ్చింది. మావాడు ఇంజిన్ చెడిపోయిందని హడలిపోయాడు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఎక్కువ భాగం సైలెన్సర్లోంచి ఆవిరిగా పోతుంది, రింగులు దాటిన కొంచెం ఇక్కడ ఆయిల్‌తో కలిసి చిక్కబడుతుంది. చలికాలంలో, ఇంజిన్ వేడెక్కేలోపే ఆగిపోయే చిన్న తిరుగుళ్లలో, ఇది మరీ ఎక్కువ. భయపడక్కర్లేదు. కానీ దాన్ని మళ్లీ ఇంజిన్‌లో పోయకూడదు. మా బావగారు పోద్దామనే అన్నారు, ఆయిల్ ధర మండిపోతోందట. అందులో నీళ్లూ పెట్రోలూ ఆమ్లాలూ ఉంటాయని మేస్త్రీ చెప్పాక సీసాలో పట్టి గేటు బందులకి వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు మా అక్కావాళ్ల వీధిలో ఒక్క గేటూ కిర్రుమనదు.

క్యాచ్ క్యాన్ పెట్టుకున్న సోదరులకి ఒక్క మనవి. రెండో కన్నానికి బోల్టు బిగించకండి. అప్పుడప్పుడూ మూత విప్పి ఎంత పట్టిందో చూసుకోండి. మునుపటి కంటే గబగబా నిండుతోందంటే ఇంకా పెద్ద డబ్బా కొనకండి. రింగులు అరిగాయి, సిలిండరు విప్పించండి.