తిన్న బియ్యానికి లెక్క

గౌరవనీయులైన ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు గారికి, నంద్యాల–ఆళ్లగడ్డ ప్రాంతపు స్టోరు బియ్యం కార్డుదారుల్లో ఒకడు నమస్కరించి చేసుకునే మనవి.

విషయం: తమరి బియ్యం తిన్నందుకు మా మీద పడ్డ బాకీ ఎంతో తేల్చుకొనుట గురించి.

అయ్యా,

2017 జూన్‌లో తమరు నంద్యాల వచ్చారు. నంద్యాల ఎమ్మెల్యే భూమా నాగిరెడ్డి గారు ఆ మార్చిలోనే పోయారు, ఉప ఎన్నిక ముంచుకొస్తోంది. ఆ పర్యటనలో తమరు అడిగిన ఒక మాట పేపర్లన్నిటికీ ఎక్కింది. నేనిచ్చే పింఛను తీసుకుంటారు, నేనిచ్చే రేషను తింటారు, నేను వేసిన రోడ్ల మీద నడుస్తారు, మరి ఓటు నాకెందుకు వెయ్యరన్నది దాని సారాంశం. నచ్చకపోతే అవన్నీ మానుకోండని కూడా అన్నట్టు చదివాం. పెద్దవారు అడిగితే బదులు చెప్పకుండా ఊరుకోవడం మర్యాద కాదు. కానీ అప్పుడు ఊరంతా మంత్రులతో, కార్లతో కిక్కిరిసి మాకు నోరు తెరిచే సందు దొరకలేదు. ఇప్పుడు మళ్లీ తమరే ముఖ్యమంత్రి, మళ్లీ మేం తింటున్నది తమరి రేషనే. పాత ప్రశ్నకు ఇంకా గడువుందనుకుని రాస్తున్నాను.

రోడ్ల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయేది 40వ నంబరు జాతీయ రహదారి. దాని మీద తిరిగినందుకు రుణపడితే ఢిల్లీకి పడాలి, అదీ టోలు గేటు దగ్గరే తీరిపోతుంది. నంద్యాల ఊళ్లో రోడ్లు ఉప ఎన్నిక పుణ్యమా అని వెడల్పయ్యాయి, కాదనను. ఇకమీదట రోడ్డు కావాలంటే ఉప ఎన్నిక దాకా ఆగే పని లేకుండా చూడమని మాత్రం వేడుకోలు. పింఛను సంగతి ముసలివాళ్లే చెప్పుకుంటారు. నాది బియ్యం గోల.

తమరి ప్రశ్నకు ఆ ఆగస్టులోనే ఒక జవాబు వచ్చింది. 23న ఓట్లు పడ్డాయి, 28న లెక్కపెట్టారు, తమరి పార్టీ అభ్యర్థి భూమా బ్రహ్మానందరెడ్డి గారు 27,466 ఓట్ల మెజారిటీతో గెలిచారు. బాకీ తీరిందనుకున్నాం. రెండేళ్లు తిరక్కుండానే, 2019లో, అదే నంద్యాల వైసీపీ అభ్యర్థి శిల్పా రవిచంద్ర కిశోర్ రెడ్డి గారిని అసెంబ్లీకి పంపింది. ఆళ్లగడ్డలో నాగిరెడ్డి గారి కూతురు అఖిలప్రియ గారు ఓడి గంగుల బ్రిజేంద్రరెడ్డి గారు గెలిచారు. 2024లో రెండు చోట్లా బండి తిరగబడింది. నంద్యాలలో ఫరూక్ గారు, ఆళ్లగడ్డలో మళ్లీ అఖిలప్రియ గారు. ఇన్ని మార్పుల్లో ఒక్క నెల కూడా మేం బియ్యం తినడం మానలేదు. బియ్యం పెట్టినవాడికే ఓటు పడేటట్టయితే ఈ దేశంలో ఏ సర్కారూ ఓడిపోకూడదు కదా సార్?

తిన్నింటి విశ్వాసం గురించి ఇంకో ముక్క. 2014లో వైసీపీ గుర్తు మీద గెలిచిన భూమా వారి ఇల్లు 2016 ఫిబ్రవరిలో తమరి పార్టీలోకి వచ్చింది. 2014లో తమరి గుర్తు మీద పోటీ చేసిన శిల్పా మోహన్ రెడ్డి గారు 2017 జూన్‌లో వైసీపీలోకి వెళ్లారు. ఉప ఎన్నిక నాటికి రెండు ఇళ్లూ వాకిళ్లు మార్చుకుని ఎదురెదురుగా నిలబడ్డాయి. మేం ఎవరికి వెయ్యాలో తెలియక తలగోక్కున్నామంటే ఆ తప్పు బియ్యానిది కాదు. బియ్యం ఏ పార్టీలోనూ చేరలేదు.

సరే, బాకీ ఉందనే అనుకుందాం. ఎవరికెంతో తెలియాలి కదా. మా ఉమ్మడి కర్నూలు జిల్లా పెద్దాయన కోట్ల విజయభాస్కరరెడ్డి గారి దగ్గర మొదలుపెడతాను. 1982 చివర్లో ముఖ్యమంత్రిగా ఉన్నది ఆయనే. ఎన్టీ రామారావు గారు ఊరూరా తిరిగి కిలో బియ్యం రెండు రూపాయలంటుంటే కాంగ్రెస్ సర్కారు రూపాయి తొంభై పైసలకే ఇచ్చేసింది. పది పైసలు తగ్గించినా జనం రెండు రూపాయలాయనకే ఓటేశారు. తిండి పెట్టినవాడిని కాదని పెడతానన్నవాడిని గెలిపించడం ఈ రాష్ట్రంలో అప్పుడే మొదలైంది, అదీ తమరి పార్టీ పుట్టిన ఏడాదిలోనే. 1983లో రామారావు గారు మాట నిలబెట్టుకున్నారు. తొంభైల్లో, తమరి ఏలుబడిలో, రెండు రూపాయలు కాస్తా మూడున్నర అయింది. 2008లో రాజశేఖరరెడ్డి గారు తిరిగి రెండుకు తెచ్చారు. 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి గారు రూపాయి చేశారు. 2013లో మన్మోహన్ సింగ్ గారి ప్రభుత్వం ఆహార భద్రతా చట్టం చేసి మనిషికి నెలకు అయిదు కిలోలని రాసిపెట్టింది. 2023 జనవరి నుంచి మోదీ గారి ప్రభుత్వం ఆ రూపాయి కూడా వద్దంది. రాష్ట్రంలో కొన్ని కార్డుల బియ్యం కేంద్రం ఖాతాలోది, మిగతా కార్డుల ఖర్చు రాష్ట్రానిది. నాకు పడ్డ సంచిలో ఏ గింజ ఎవరిదో డీలరుక్కూడా తెలియదు. ఉడికాక అసలే తెలియదు.

ఈ చిక్కు మాకొక్కరికే లేదని 2022 సెప్టెంబరులో తెలిసింది. నిర్మలా సీతారామన్ గారు తెలంగాణలో కామారెడ్డి జిల్లా బీర్కూరు రేషన్ షాపుకు వెళ్లి, బియ్యంలో ఎక్కువ భాగం కేంద్రానిదైతే ప్రధాని ఫొటో ఏదని కలెక్టరును నిలదీశారు. టీఆర్ఎస్ వాళ్లు తక్కువ తిన్నారా? గ్యాస్ సిలిండర్ల మీద మోదీ గారి ఫొటో అంటించి పక్కన ధర రాశారు. నాకైతే ఇద్దరి మాటా సబబుగానే తోచింది. ఫొటో పెడితే అన్నిటి మీదా పెట్టాలి.

ఈ బియ్యం మా ఇళ్లలో ఏమవుతుందో తమరికి ఎవరూ చెప్పి ఉండరు. సగం దోసెల పిండిలోకి పోతుంది, నానబెడితే బాగా మెదుగుతుందని. కొంత సంగట్లోకి పోతుంది, రాగిపిండి పోసే ముందు ఎసట్లో ఉడకాల్సింది అదే కాబట్టి. కూలికి పోయేవాళ్ల ఇళ్లలో రెండు పూటలా అదే అన్నం. ఇంకొంత సంచి విప్పకుండానే వీధి చివర కొనేవాడి దగ్గరికి పోతుంది. దొంగతనమంటారు, నిజమే. కాకినాడ ఓడరేవులో 2024 నవంబరులో పవన్ కల్యాణ్ గారు ఇలాంటి బియ్యం ఎక్కిన ఓడనే ఆపమన్నారు. కానీ వీధి చివర అమ్ముకున్న ఆడమనిషి ఆ డబ్బుతో కొన్నది మన సోనా మసూరి బియ్యమే. కేసీ కాలువ కింద మా చుట్టూ ఆ వరే పండుతుంది. పండించే ఊరికి ముతకవి, పేరు మాత్రం నంద్యాల సోనా. పక్క తెలంగాణలో 2025 ఉగాది నుంచి స్టోర్లలోనే సన్నబియ్యం ఇస్తున్నారు. ఇక్కడా ఆ పని జరిగితే వీధి చివర కొనేవాడు వేరే వ్యాపారం చూసుకుంటాడు.

బియ్యం ఇంటికి చేరే దారి మీద కూడా తమరికీ జగన్ గారికీ పడలేదు. 2021 జనవరిలో ఆయన 9,260 బండ్లు కొని ఇంటింటికీ బియ్యమన్నారు. బండి ఇంటింటికీ రాలేదు, వీధి మొదట్లో నిలబడేది. "బండొచ్చింది" అని ఎవరో కేక వేస్తే పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తేవాళ్లం. బండి వెనక మిషన్ మీద వేలు పెట్టాలి. బండలు చెక్కే చేతులు, పత్తి తీసే చేతులు, వాటి మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. ఆళ్లగడ్డ శిల్పి రాయిలో నరసింహస్వామి గోళ్లు ఒక్కొక్కటీ తేలేలా చెక్కుతాడు, అతని వేలిని మాత్రం మిషన్ గుర్తుపట్టదు. చీరకొంగుతో తుడిచి మళ్లీ పెట్టు, తడి చేసి మళ్లీ పెట్టు. 2025 జూన్ 1 నుంచి తమరి సర్కారు బండ్లను ఆపి స్టోర్లను తెరిపించింది. 65 ఏళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు ఇంటికి తెచ్చిస్తామంది. మంచిదే. స్టోరులో కనీసం తలదాచుకునే నీడుంది. మిషన్ మాత్రం అదే, వేళ్లూ అవే.

అన్న క్యాంటీన్ల కథ నన్ను ఇంకా బాధిస్తుంది. 2018 జూలైలో తమరు తెరిచారు. అయిదు రూపాయలకు అన్నం, పప్పు, కూర. పనికోసం ఊరొచ్చినవాడు, ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని బయట కూర్చున్నవాడు కడుపు నింపుకున్నాడు. 2019లో ప్రభుత్వం మారగానే అవినీతి జరిగిందని, చోట్లు సరిగా లేవని చెప్పి వాటికి తాళాలు వేశారు. అవినీతి జరిగితే దొంగను పట్టుకోవాలి గానీ వంటవాడి గరిటె లాక్కుంటారా అని ఆ రోజుల్లో అడిగినవాళ్లు లేకపోలేదు. 2024 ఆగస్టు 15న గుడివాడలో తమరు తాళం తీశారు. సంతోషం. మధ్యలో అయిదేళ్లు ఆకలి సెలవు పెట్టిందా?

2021లో తమిళనాడులో డీఎంకే గెలిచిన ఊపులో కొందరు కార్యకర్తలు చెన్నైలో ఒక అమ్మ క్యాంటీన్ బోర్డులు పీకేశారు. స్టాలిన్ గారు వాళ్లను పార్టీ నుంచి తీసేయించి, జయలలిత గారి పేరుతోనే బోర్డు తిరిగి పెట్టించారు. అంతకాలం ఎదురు నిలబడి పోట్లాడిన మనిషి బొమ్మ కింద ఇడ్లీలు అమ్మించడానికి గుండె కావాలి. ఆ గుండె ఇటువైపు రెండు పార్టీల్లో ఎవరికైనా ఉంటే చూసి పోదామని ఉంది.

ఇక అసలు సంగతి. ఆళ్లగడ్డ నియోజకవర్గంలోనే ఉయ్యాలవాడ ఉంది. నరసింహారెడ్డి గారి పేరుతో సినిమా వచ్చాక అందరికీ తెలిసింది గానీ, మా వైపు ముసలివాళ్లు ముందుగా తలుచుకునేది ఆ ఊరి బుడ్డా వెంగళరెడ్డి గారిని. 1866 కరువులో ఆయన తన గాదెలు తెరిచి నెలల తరబడి జనానికి గంజి పోయించాడు, అన్నం పెట్టించాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆయన మీద కట్టిన పాట ఇప్పటికీ మా సీమలో పాడతారు. ఆయన పెట్టింది తన గింజలు. తిన్నవాళ్లను మళ్లీ పిలిచి, నా గంజి తాగి పక్కవాడికి దండం పెడతారా అని అడిగినట్టు ఆ పాటలో ఎక్కడా లేదు. సొంత గింజలు పెట్టినాయన అడగలేదు. ఖజానా గింజలు పెట్టేవాళ్లు అయిదేళ్లకోసారి అడుగుతున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందని అంటే తమరికి కోపం రావచ్చు, రామారావు గారి అల్లుడిగారికే ఈ సామెత రాసినట్టు ఉంటుంది. కనుక అనను.

తిండి పెడితే జనం చెడిపోతారనే వాదన కూడా మాకు పాతదే. 1866 తర్వాత పదేళ్లకు ధాత కరువొచ్చింది. సర్ రిచర్డ్ టెంపుల్ దొర 1877లో కరువు పనుల్లో కూలికి ఇచ్చేది రోజుకు పౌను గింజలకూ ఒక అణాకూ తగ్గించాడు, సర్కారు సొమ్ము దండగవుతోందని. కర్నూలు జిల్లా ఎట్లా ఎండిపోయిందో చరిత్రలో ఉంది. స్టోరు బియ్యం వల్ల కూలీలు దొరకడం లేదనీ, సోమరిపోతులవుతున్నారనీ నంద్యాల టీ కొట్ల దగ్గర ఈ మధ్య కూడా విన్నాను. అన్నవాళ్లు టెంపుల్ దొర వారసులని వాళ్లకు తెలియదు. దొర ఒక విషయంలో మాత్రం మెరుగు, ఓటు అడగలేదు.

లెక్క దగ్గరికి వస్తాను. 2013 చట్టంలో ఎనిమిదో సెక్షన్ అని ఒకటుంది. కార్డున్నవాడికి రావలసిన గింజలు ఇవ్వలేకపోతే ప్రభుత్వం ఆ మనిషికి ఆహార భద్రతా భత్యం డబ్బు రూపంలో కట్టాలి. ప్లీడరు గుమాస్తా ఒకాయన చదివి వినిపించేదాకా నేను నమ్మలేదు. ఇస్తే బాకీ తీరినట్టు, ఇవ్వకపోతే బాకీ పడ్డట్టు. పడేది తమరు, మేం కాదు. ఈ చట్టం వచ్చిన నాలుగేళ్లకు తమరు నంద్యాలలో ఆ ప్రశ్న అడిగారు. అధికారులెవరూ చెప్పలేదేమో.

ఈ లెక్క తమరికి ఆమోదమైతే రెండే కోరికలు. స్టోరులో, క్యాంటీన్‌లో ఎవరి ఫొటో పెట్టినా మాకు అభ్యంతరం లేదు గానీ, ఫొటో మారినప్పుడు పొయ్యి ఆరకుండా ఒక జీవో ఇప్పించండి. రెండోది, నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నుంచి ఇక్కడే ఉంది. కొర్రల్లో సూర్యనంది, రేనాడు లాంటి రకాలు అక్కడే పుట్టాయి. కొర్రన్నం తిని పెరిగిన సీమ ఇది. 2023లో మా జిల్లాల్లో బియ్యానికి బదులు రాగులు, జొన్నలు ఇస్తామని మొదలుపెట్టారు. మా వైపు కార్డులకు నెలకు కొన్ని కొర్రలు కూడా చేరిస్తే షుగరున్నవాళ్లు తమరి పేరు చెప్పుకుని తింటారు. ఓటు సంగతి అప్పుడు చూద్దాం.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక కార్డుదారు

నకలు: శ్రీ వై.ఎస్. జగన్ మోహన్ రెడ్డి గారికి. వారు మళ్లీ అధికారంలోకి వస్తే పైన పేరు, బియ్యం బండ్ల పేరాలో రెండు వాక్యాలు మార్చుకుంటే చాలు, మిగతాదంతా అలాగే చెల్లుతుంది.