నలుబది మార్కుల పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

నలుబదైన వచ్చె నాకింక సీటను
వత్స! వినుము నీకు వరుస గలదు
కోట లోన జేర కోరిక చాలదు
కనుము ముందు నిలుచు గణము పొడవు

అవతారిక: 2021లో ఈఏపీసెట్‌ అని పేరు మారినా కోనసీమ నోట నేటికీ ఎంసెట్టే. ఫలితాలనాడు ఒక తండ్రి, కొడుకు క్వాలిఫై అయ్యాడని వీధంతా ఆత్రేయపురం పూతరేకులు పంచాడు. పూతరేకు తిన్న వ్యాఖ్యాతే ఈ పద్యం అల్లి, వేరెవరూ రాయరు గనుక వ్యాఖ్య కూడా తానే రాసుకొన్నాడు.

టీక: వత్స = ఒరే అబ్బాయ్; నలుబదైన = 160కి కనీసం 40, అనగా నూటికి పాతిక (ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఈ హద్దు లేదు); వరుస = ర్యాంకు, ఎంట్రన్సుకు 75 పాళ్లు, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 పాళ్లు కలిపి కట్టినది; కోట = ‘కోటా’ అని పాఠాంతరం, అదే సాధువు; గణము = ఈ పద్యంలో మూడక్షరాలు మించదు, కౌన్సెలింగులో లక్ష దాటుతుంది.

పూర్వపక్షం: "2024, 2025లలో పరీక్ష పెట్టింది కాకినాడ జేఎన్టీయూ వారే. మాది కాకినాడే. మావాడికి అక్కడ సీటు ఇవ్వరా?" అని తండ్రి.

సమాధానం: ఇవ్వరు. 1946లో ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టి 2008లో విశ్వవిద్యాలయమైన ఆ సంస్థ గేటుకు ఊరి వరస తెలియదు. నూటికి 85 సీట్లు స్థానికులవే, నిజమే. కానీ ఇక్కడ స్థానికుడంటే ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం వాడు. అది పాత లెక్కన శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఎనిమిది జిల్లాలు. ఇచ్ఛాపురం వాడికీ, ఒంగోలు వాడికీ, కాకినాడ మెయిన్‌రోడ్డు వాడికీ హక్కు ఒక్కటే. ఆపైన కేటగిరీలు, వాటిలో మళ్లీ ఆడపిల్లలకు మూడోవంతు. నలభై మార్కుల ర్యాంకుకూ, అక్కడి సీఎస్ఈలో జనరల్ చివరి ర్యాంకుకూ మధ్య లక్ష పైచిలుకు తలలు. సఖినేటిపల్లి రేవులో టికెట్టు కొన్నవాళ్లందరూ ఒకే పంటు ఎక్కలేరు కదా!

మరో పూర్వపక్షం: "కాలిఫోర్నియాలో అర్హత ఉంటే సీటు గ్యారంటీ బావా!" అని ఫోనులో మేనమామ.

సమాధానం: సగం నిజం. 1960 నాటి అక్కడి మాస్టర్ ప్లాన్ హైస్కూలు పట్టభద్రుల్లో పై ఎనిమిదోవంతుకు ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థలో చోటు చూపమంది. వ్యవస్థలో చోటు అంటే బర్క్‌లీలో చోటని కాదు. కోరింది దొరకనివాడికి ఖాళీ ఉన్న మరో క్యాంపస్ చూపిస్తారు. మన దగ్గర ఆ మాత్రం మాట కూడా ఎవరూ ఇవ్వలేదు, కాబట్టి తప్పారనడానికీ లేదు.

తాత్పర్యం: నలభై మార్కులు ర్యాంకు ఇస్తాయి, సీటు ఇవ్వవు.

విశేషం: కనీసార్హతే పదివేలనుకొనే ప్రైవేటు కాలేజీలు డెల్టాలో కొన్ని ఉన్నాయి. వాటి బస్సులు ఇంటి ముందుకే వస్తాయి. అంత ఆదరం దేనికో వ్యాఖ్యాత చెప్పడు, అడిగి తెలుసుకోవలసింది తండ్రే.

కనుక అయ్యా, పూతరేకులు మిగిలి ఉంటే దాచండి. వెబ్ ఆప్షన్లు మూడు పెట్టి చేతులు దులుపుకోకండి. కిందటేడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, మీ కేటగిరీకి చివరి ర్యాంకు ఎంతో చూసుకొని, ఇష్టమైన వరుసలో వీలైనన్ని పెట్టించి, గడువుకు ముందే ఫ్రీజ్ చేయించండి.