తివాచీకి తలంటు, లడ్డుగాడికి దద్దుర్లు

మా లడ్డుగాడికి పొట్ట కింద ఎర్రటి దద్దుర్లు లేచాయి. లడ్డు అంటే మా పగ్. ఆకారాన్ని చూసి పెట్టిన పేరు. మా ఇంట్లో వాణ్ని కుక్క అన్నవాళ్లకి ఆ పూట కాఫీ పుట్టదు. "మా చిన్నోడండీ" అనాలి. ఆ చిన్నోడు రాత్రంతా గోక్కుంటూనే ఉన్నాడు. తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ హాల్లో కొలువుదీరి దోషి కోసం వెతకడం మొదలెట్టాం.

దిష్టి అంది అమ్మ. శనివారం లిఫ్టులో మూడో అంతస్తావిడ "ఎంత బొద్దుగా ఉన్నాడో" అని వాణ్ని ఎగాదిగా చూసిందట. వాచ్‌మన్ పెట్టిన పెరుగన్నం అంది మా ఆవిడ. పక్క ఫ్లాటు పిల్లి అన్నాడు మా అబ్బాయి. ఎండలు అన్నాను నేను. హైదరాబాద్‌లో ఏ నేరమైనా తేలకపోతే ఎండల మీదికి తోసేయడం నాకు అలవాటు. ఇంతమంది మీద కేసులు పెట్టాం గానీ, ఏ తివాచీ మీద కూర్చుని విచారణ జరుపుతున్నామో దాని వంక ఒక్కరూ చూడలేదు. అదేమో రెండు రోజుల కిందటే షాంపూ స్నానం చేసి, మల్లెపూల సెంటు కొట్టుకుంటూ కొత్త పెళ్లికొడుకులా పరుచుకుని ఉంది.

పశువుల డాక్టరు లడ్డుగాణ్ని బల్ల మీద వెల్లకిలా తిప్పాడు. వీపు మీద ఒక్క మచ్చ లేదు. పొట్ట, చంకలు, గజ్జలు, కాలివేళ్ల సందులు మాత్రం కందగడ్డల్లా ఉన్నాయి. "ఇంట్లో నేల దేంతో తుడుస్తారు?" అన్నాడు. మేం ముద్దాయిల జాబితా చదవబోతే ఆపి, "పడుకున్నప్పుడు నేలకి ఆనే చోట్లే కందాయి చూడండి. అక్కడ బొచ్చు కూడా పల్చన. దిష్టి అయితే వీపుని వదిలేస్తుందామ్మా?" అన్నాడు. ఆ డాక్టరుకి చదువు సరిగ్గా అబ్బలేదని అమ్మ అక్కడికక్కడే తేల్చేసింది.

కార్పెట్లు కడిగే మందులు పెంపుడు జంతువుల ఒంటికి పడవా? పడవు, మనం వాడే పద్ధతిలో అయితే మరీ పడవు. మురికి వదిలించే రసాయనానికి తివాచీ జిడ్డు వేరు, చర్మం తన కాపలాకి పెట్టుకున్న నూనె వేరు అన్న పట్టింపు లేదు. రెండిటినీ కలిపి ఊడ్చేస్తుంది. మనిషి చర్మం పైపొరలో కణాలు 10 నుంచి 15 వరుసలుంటే కుక్కకి 3 నుంచి 5 ఉంటాయి. మన చర్మం కాస్త పులుపు వైపు, పీహెచ్ 5.5 దరిదాపుల్లో ఉంటుంది. కుక్కది దాదాపు 7. మనం ఆ తివాచీ మీద చెప్పులేసుకుని అటూ ఇటూ తిరుగుతాం, వాడు దాని మీదే పొట్ట ఆనించి గంటల తరబడి నిద్రపోతాడు. పల్చటి చర్మం వాడిది, దళసరి చర్మం మనది. అన్ని అర్థాల్లోనూ.

అసలు కథ తివాచీకి తలంటు పోసిన రోజున జరిగింది. కడగడానికి వచ్చిన కుర్రాడు మిషను దించి, తివాచీ అంచు వేళ్లతో నలిపి చూశాడు.

"ఉన్నిదా సార్?"

"ఏలూరుది బాబూ. మా మామగారు పెట్టింది."

"అయితే న్యూట్రల్ వాడాలి సార్. గాటు ఎక్కువైతే ఉన్ని పాడైపోద్ది. మూడొందలు ఎక్స్‌ట్రా అవుద్ది."

ఇచ్చాను. ఉన్నికి గాఢమైన క్షారం పడదన్నది నిజమే, పీచు దెబ్బతింటుంది. ఆ కుర్రాడికి పని తెలుసు. కాకపోతే ఉన్ని అంటే ఏమిటి? ఎప్పుడో ఏ గొర్రె ఒంటి మీంచో కత్తిరించిన బొచ్చు. ప్రాణం లేని ఆ గొర్రెబొచ్చు పీహెచ్ కోసం మూడొందలు ఎదురిచ్చినవాణ్ని, ప్రాణమున్న కుక్క చర్మం గురించి ఉత్తపుణ్యానికి ఒక్క ప్రశ్న అడగలేదు. చివరికి మా ఆవిడే అడిగింది.

"కుక్కపిల్ల ఉంది బాబూ, దీంట్లో ఏముంటుంది?"

"కెమికల్ మేడమ్."

"ఏం కెమికల్?"

"క్లీనింగ్ కెమికల్ మేడమ్. ఇంపోర్టెడ్. పిల్లలకీ పెట్స్‌కీ సేఫ్."

డబ్బా తిప్పి చూశాం. ముందువైపు నవ్వుతున్న పాప, పక్కన నవ్వుతున్న కుక్క. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో సర్ఫాక్టెంట్లు, పరిమళం, రంగు అని మూడు మాటలు. చాక్లెట్టు మీద కూడా అందులో ఏం కలిపారో వరసగా రాస్తారు. ఇంటి నేలంతా పులిమే ద్రావకంలో ఏముందో తయారుచేసినవాడికీ పైవాడికీ ఎరుక. "పరిమళం" అనే ఆ ఒక్క మాట చాటున ఎన్ని పదార్థాలైనా తలదాచుకోవచ్చు. చర్మం ఎక్కువగా తిరగబడేది వాటిలో కొన్నిటి మీదే.

నురగ పట్టించడం అయ్యాక, మంచినీళ్లతో ఓసారి కడగవా అన్నాను. "కడిగితే ఆరడానికి రెండ్రోజులు పడుద్ది సార్, అదే ఆవిరైపోద్ది" అన్నాడు. నీళ్లు ఆవిరవుతాయి, సబ్బు ఎక్కడికి పోతుంది? పీచు మొదట్లో ఎండి కూర్చుంటుంది. తడి పొట్టో తడి కాలో తగిలితే మళ్లీ లేచి పనిలోకి దిగుతుంది. ఇది చాలదన్నట్టు సాయంత్రం మా ఆవిడ పైన సువాసన పొడి చల్లింది. అరబకెట్టు నీళ్లకి ఒక మూత అని రాసి ఉన్న ఫ్లోర్ క్లీనర్‌ని మూడు మూతలు పోసి హాలంతా తడిగుడ్డ పెట్టింది నేనే. మన ఇళ్లల్లో శుభ్రతకి రెండే కొలమానాలు, ముక్కు అదరాలి, నురగ పొంగాలి. ఆ నురగే మురికిని వదిలిస్తోందనుకునే అమాయకత్వంలో మనం పసిపిల్లలం.

ఈ దుడుకు నిన్న మొన్నటిది కాదు. 1903లో ఇంగ్లండ్‌లో రిడియల్, వాకర్ అని ఇద్దరు ఓ పరీక్ష కనిపెట్టారు. ఫలానా మందు టైఫాయిడ్ క్రిమిని కార్బాలిక్ ఆమ్లం కంటే ఎన్ని రెట్లు గట్టిగా చంపుతుందో లెక్కగట్టే పరీక్ష అది. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే మన నల్ల ఫినాయిల్ గొప్పదనాన్ని ఇప్పటికీ ఆ అంకెతోనే కొలుస్తారు. కొత్త సీసాలవాళ్లు 99.9 శాతం క్రిముల్ని చంపుతామంటారు. ఎంత చంపుతుందో చెప్పడానికి ఇన్ని అంకెలున్నాయి. నేల మీద పడుకునేవాణ్ని ఎంత బతకనిస్తుందో చెప్పే అంకె ఒక్క సీసా మీదా నాకు కనబడలేదు.

జంతువుల చర్మం మంటపుడుతుందో లేదో ఎవరూ చూడలేదనుకుంటే పొరపాటు. 1944లో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త జాన్ డ్రెయిజ్, ఆయన తోటివాళ్లు ఒక పద్ధతి పెట్టారు. మందుని కుందేలు చర్మం మీదా కంట్లోనూ వేసి ఎంత కందిందో మార్కులు వేయడం. మన దేశంలో సౌందర్య సాధనాల కోసం జంతువుల మీద ఇలాంటి పరీక్షల్ని 2014లో గానీ నిషేధించలేదు. మనిషి బుగ్గ కందకూడదని కుందేలు చర్మాన్ని అంత శ్రద్ధగా పరిశీలించిన జాతి, తన ఇంట్లో తన చిన్నోడి పొట్ట కందితే మూడో అంతస్తావిడ చూపుని అనుమానిస్తుంది.

పిల్లుల సంగతి ఇంకా ఘోరం. ఫినాయిల్ లాంటి ఫినాల్ మందుల్ని విరిచి బయటికి పంపే శక్తి వాటి కాలేయానికి బాగా తక్కువ. చాలా క్రిమిసంహారకాల్లో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ కాళ్లకి అంటితే, పిల్లి శుభ్రంగా నాకి పెట్టుకుని నాలుక మీద పుండ్లు తెచ్చుకుంటుంది. దాని పరిశుభ్రతే దానికి శత్రువు. ఇక తివాచీ మీద ఒంటికి పోశాయని బ్లీచింగ్ కుమ్మరించే మహానుభావులున్నారు. ఆ మూత్రంలోని అమోనియాతో బ్లీచింగ్ కలిస్తే క్లోరమిన్ వాయువు పుడుతుంది. ఆ ఘాటుకి పిల్లితోపాటు మహానుభావుడూ దగ్గుతాడు.

అందుకే మేం నేచురల్ వాడతాం అంటారా? జిల్లేడు పాలు నేచురల్. గన్నేరుకాయ నేచురల్. నిమ్మ, టీ ట్రీ నూనెల వాసన మనకి హాయిగా ఉండొచ్చు గానీ పిల్లికి అవి విషమే. అంతదాకా ఎందుకు, కుంకుడుకాయ కంటే సహజమైన సబ్బు ఏముంది? ఆదివారం తలంటులో ఆ రసం కంట్లో పడి వీధంతా వినబడేలా ఏడవని తెలుగు బిడ్డ ఉన్నాడా?

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. గోక్కున్న ప్రతి కుక్కకీ తివాచీయే కారణం కాదు. గోమార్లు, పిడుదులు, తిండి పడకపోవడం, వానాకాలం తేమకి పెరిగే బూజు, ఇవన్నీ అసలైన ముద్దాయిలే. కడిగిన ఒకటి రెండు రోజుల్లో మొదలై, నేలకి ఆనే చోట్లే కంది, ఆ మందు మానేస్తే తగ్గితే మాత్రం దోషి మీ కాళ్ల కిందే ఉన్నాడు. అప్పుడు చేయాల్సింది గోరువెచ్చటి నీళ్లతో మీ చిన్నోణ్ని కడగడం, నాకనివ్వకుండా చూడటం, డాక్టరుకి చూపించడం. మన మందుల పెట్టె తెరవడం మాత్రం కాదు. మనం వాడే పారాసెటమాల్ పిల్లికి ప్రాణాంతకం. మనం రాసుకునే జింకు ఆయింట్‌మెంటుని కుక్క నాకితే అది మరో రోగం.

లడ్డుగాణ్ని నీళ్లతో కడిగాం. తివాచీని మేడ మీదికి మోసుకెళ్లి మంచినీళ్లతో నాలుగుసార్లు జాడించాం. మూడోసారి కూడా నురగ వచ్చింది. వారానికి వాడి ఎరుపు తగ్గింది. దిష్టి తీసినందుకే తగ్గిందని అమ్మ నమ్మకం, మేం వాదించలేదు.

మీ ఇంట్లో చిన్నోడుంటే ఒక పని చేయండి. తివాచీ కడిగించిన రోజున "సేఫ్" అన్న మాట నమ్మేముందు తలుపేసుకుని, చొక్కా విప్పి, అరగంట దాని మీద బోర్లా పడుకోండి. మీకు పది వరుసల చర్మముంది. అయినా దురద పుట్టిందంటే లేచి, బకెట్టు మంచినీళ్లు తెచ్చి మళ్లీ కడగండి.