ఒక్క ఫైలే కదా సార్!

లైసెన్సు బిల్లు చూసిన పెద్దసారుకి ఒక శుభముహూర్తాన జ్ఞానోదయమవుతుంది. “వెబ్‌లాజిక్‌ సర్వరుకి ఇంత డబ్బు తగలేయడమేంటయ్యా? టామ్‌క్యాట్ ఊరికే వస్తోందిగా!” పక్కనున్న మేనేజరు ఠక్కున అందుకుంటాడు. “వార్ ఫైలు ఒక్కటే కదా సార్! అక్కణ్ణుంచి తీసి వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో పడేస్తే సరి. వీకెండ్‌లో అయిపోతుంది.” ఏ వీకెండో మాత్రం చెప్పడు.

పాపం, టామ్‌క్యాట్ ఎవర్నీ మోసం చెయ్యలేదు. సర్వ్‌లెట్లు, జేఎస్పీలు నడుపుతానంది, నడుపుతోంది. ఈజేబీలు, మెసేజ్ క్యూలు చూసుకుంటానని ఏనాడూ మాటివ్వలేదు. అవన్నీ ఇన్నాళ్ళూ పాత సర్వరు ఖాతాలో నడిచాయి. ఓనరు ఫ్యాన్లూ గీజరూ ఏళ్ళ తరబడి వాడుకుని, ఇల్లు మారిన రోజు రాత్రి కొత్తింటి సీలింగు చూసి తెల్లబోయే బాపతు మనది.

“ఈ లైబ్రరీ సర్వరే ఇస్తుంది, మనం మోయక్కర్లేదు” అని మావెన్ ఫైల్లో రాసిపెట్టిన మహానుభావుడు ఉద్యోగం మారి ఎన్నేళ్ళయిందో! కొత్త సర్వరు ఇవ్వదు. తెర మీద ‘నో క్లాస్ డెఫ్ ఫౌండ్’ ప్రత్యక్షం.

ఇది నయం, కనీసం అరిచి చెబుతుంది. అరవకుండా ముంచేది ఇంకోటుంది. మామూలు సెట్టింగుల్లో వెబ్‌లాజిక్ ముందు తన దగ్గరున్న జార్ కోసం చూస్తుంది. టామ్‌క్యాట్ ముందు అప్లికేషన్ సొంత లిబ్ ఫోల్డర్‌లో వెతుకుతుంది. అంటే ‘కామన్-ఫైనల్-న్యూ-2’ అనే పేరుతో ఆ ఫోల్డర్‌లో ఏళ్ళుగా గుర్రుపెట్టి నిద్రపోతున్న పాత జార్ ఒకటి, సర్వరు మారిన మర్నాడు లేచి పెత్తనం మొదలెడుతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, లెక్కలు మాత్రం తేడా. “టామ్‌క్యాట్ బాగాలేదండీ” అని తీర్పు.

పైగా “కొత్త వెర్షనే వేద్దాం” అనే ఉబలాటం. ఒరాకిల్ 2017లో జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగించింది గానీ పేరు మీద హక్కు వదల్లేదు. అందుకే టామ్‌క్యాట్ 10 నుంచి ‘జావాఎక్స్ సర్వ్‌లెట్’ కాస్తా ‘జకార్తా సర్వ్‌లెట్’ అయింది. మన కోడ్ మనం మార్చుకుంటాం, సరే. మనం రాయని, సోర్సే లేని జార్ల మాటేమిటి? దానికి టామ్‌క్యాట్ వాళ్ళే ఓ టూల్ ఇచ్చారు. ఆ సంగతి తెలియాలంటే డాక్యుమెంటేషన్ తెరవాలి, అది వీకెండ్ ప్లాన్‌లో లేదు.

అసలు మన దగ్గర ఏయే జార్లున్నాయో తేల్చడమే ఓ యజ్ఞం. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో భద్రతా లొసుగు బయటపడ్డప్పుడు ప్రపంచమంతా అడిగిన మొదటి ప్రశ్న “మన దగ్గర అదుందా?” అనే. మావెన్‌లో డిపెండెన్సీ ట్రీ కమాండ్ కొడితే ఏది దేని తోక పట్టుకొచ్చిందో చెబుతుంది. చేత్తో కాపీ చేసి పడేసిన జార్ల ఊసు మాత్రం అందులో ఉండదు. వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. ఆ పనికి మనిషిని ఇమ్మంటే “ఓపెన్ సోర్స్ ఫ్రీ అన్నారుగా?” అని ఎదురు ప్రశ్న.

చివరికి మైగ్రేషన్ నూటికి నూరుపాళ్ళూ పూర్తయిందని స్లైడు, చప్పట్లు, కేకు. నెలాఖరు రిపోర్టు ఒక్కటి టామ్‌క్యాట్‌లో తెరుచుకోదు గనక పాత వెబ్‌లాజిక్‌ని ఓ మూల అలాగే ఉంచారు. ఈ ఏటి లైసెన్సు రెన్యువల్ ఫైలు పెద్దసారు సంతకానికి వెళ్ళింది.