పేటికా వ్యాకరణం

విదేశీ విద్య గురించి తెలుగులో చెప్పాల్సిందంతా కన్సల్టెన్సీల వాళ్లు చెప్పేశారు. జీఆర్ఈ, టోఫెల్, ఎస్ఓపీ, ఐ-20, 350 డాలర్ల సెవిస్ రుసుము, డీఎస్-160 ఫారం, ప్రతిదానికీ అమీర్‌పేటలో ఒక బోర్డుంది. పెట్టె సర్దడానికి మాత్రం ఇంతవరకూ లక్షణ గ్రంథం లేదు. 2023లో జీఆర్ఈని రెండు గంటల లోపుకు కుదించారు. పెట్టె సర్దుడు ఇప్పటికీ వేసవిలో ఆవకాయ ముక్కలు కొట్టించిన రోజునే మొదలవుతుంది.

శాస్త్రారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ చెప్పడం సంప్రదాయం. విషయం, ఫాల్ సెమిస్టరుకు అమెరికా వెళ్లే విద్యార్థి తాలూకు రెండు పెట్టెలు. ప్రయోజనం, ఎయిర్‌పోర్టు కౌంటరు దగ్గర పరువు దక్కడం. సంబంధం, చుట్టాలందరితోనూ. అధికారి తల్లి. విద్యార్థికి ఇందులో అధికారం లేదు. వాడు ఇంట్లో లేనప్పుడే పెట్టె సవ్యంగా సర్దుకుంటుంది. బ్యాంకు లోను, పూచీకత్తు కాయితాలు తండ్రివి. వీసా సంగతి చిలుకూరు బాలాజీ చూసుకుంటాడు. మొక్కుకు 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. ఇంత పెద్ద వ్యవహారంలో ఆవిడ మాట చెల్లేది ఈ రెండు పెట్టెల్లోనే. అందుచేత ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

మొదటి సూత్రం: పెట్టెకు 23 కిలోలు నిత్యంబుగా నగు. దీని మీద వ్యాఖ్యాతల్లో పేచీ ఉంది. విమాన సంస్థలు 23 కిలోల పక్కనే 50 పౌండ్లని కూడా రాస్తాయి. 50 పౌండ్లంటే 22.68 కిలోలు. మిగిలిన 320 గ్రాములు ఎవరివి? విమానానివని పౌండువాదులు, కందిపొడివని కిలోవాదులు. మన ఇళ్లలో కిలోవాదానికి ఎదురులేదు. ఖాళీ పెట్టే నాలుగైదు కిలోలు తూగుతుందన్న సత్యం కొని ఇంటికి తెచ్చాక గాని బోధపడదు.

తూకానికి మార్గాలు రెండు. కొక్కేనికి తగిలించి ఎత్తే చేతికాటా నవీనులది; చెయ్యి వణికితే అంకె కూడా వణుకుతుంది. ప్రాచీనుల పద్ధతిలో తండ్రి ముందు ఒట్టి చేతులతో బరువు చూసే మిషనెక్కి దిగుతాడు, ఆ తర్వాత పెట్టె మోసుకుని ఎక్కుతాడు. రెండో అంకెలోంచి మొదటిది తీసేయాలి. మొదటి తూకం భోజనానికి ముందూ రెండోది తర్వాతా జరిగితే ముద్దపప్పు బరువంతా పెట్టె ఖాతాలో పడుతుంది. ఆ లెక్క నమ్మి గోంగూర తీసేసిన కుటుంబాలున్నాయి.

ఇక వస్తువులు. ఆవకాయ, కారప్పొడి, చింతపండు, కుక్కరు నిత్యాలు. కుక్కరు బోలుగా ఉంటుంది గనక అందులో పొడుల పొట్లాలు, పొట్లాల సందుల్లో సాక్సులు. ఆవకాయ చేతిసంచిలో పనికిరాదు. 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం విమానంలో చేతిసామానుగా రాకూడదు. ఆవకాయ ఘనమా ద్రవమా అన్న వాదంలో సెక్యూరిటీ వాళ్లు ఎప్పుడూ నూనె పక్షమే. మిక్సీ వైకల్పికం. మన 230 వోల్టుల మిక్సీ అక్కడి 120 వోల్టులకు నీరసంగా మూలుగుతుంది, కాబట్టి అమెరికా మిక్సీ అని 110 వోల్టులది విడిగా అమ్ముతారు.

నిషేధాల్లో కోడి పచ్చడి, తాజా మామిడిపళ్లు ఉండటం ఊహించదగినదే. పచ్చి కరివేపాకు కూడా ఉందని చాలామందికి తెలియదు. నారింజ, నిమ్మ తోటలకు గ్రీనింగ్ తెగులు అంటించే పురుగు కరివేప మొక్క మీద కూడా బతుకుతుంది. ఆ తెగులుతో ఫ్లోరిడా నారింజ తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. మనం చారులోంచి ఏరి కంచం పక్కన పారేసే రెబ్బ కోసం అగ్రరాజ్యం సరిహద్దులో కాపలా కాస్తోంది.

పూర్వపక్షం డల్లాస్ నుంచి వీడియో కాల్లో వస్తుంది. “ఇక్కడ అన్నీ దొరుకుతాయత్తా, ఊరికే మోయించకు.” మాట నిజమే. ఇర్వింగులో గాని, న్యూజెర్సీ ఎడిసన్లో గాని మన సరుకుల కొట్టుకు కొదవ లేదు. సిద్ధాంతం: “దొరికితే దొరకనీరా. వెళ్లగానే కొట్ల చుట్టూ తిరుగుతాడా? ఓ నాలుగు రోజులకని పెడుతున్నా.” ఆ నాలుగు రోజులు సంక్రాంతి దాటి సాగేలా ఆవకాయ పరిమాణం ఉంటుంది. పూర్వపక్షి కూడా ఫోను పెట్టేసే ముందు, “సరేగానీ, నాక్కూడా ఓ అరకిలో పంపించు” అంటాడు.

ఇదే ఆగమం. వ్యాకరణవేత్తలు ఆగమాన్ని మిత్రుడితో, ఆదేశాన్ని శత్రువుతో పోల్చారు. ఒకటి వచ్చి పక్కన సర్దుకుంటుంది, రెండోది ఉన్నదాన్ని తోసేసి కూర్చుంటుంది. చుట్టాల పొట్లాలు మిత్రుల్లా వచ్చి శత్రువుల పని చేస్తాయి. అన్నిటిలోకీ గడ్డువి ఆత్రేయపురం పూతరేకులు. బరువు లేదని ఒప్పుకుంటాం, తీరా చూస్తే వాటి మీద ఇంకేమీ పెట్టకూడదు.

శంషాబాద్ కౌంటర్లో, “మీ పెట్టె మీరే సర్దుకున్నారా?” అని అడుగుతారు. విద్యార్థి అవునంటాడు. వాడు సర్దింది ఐ-20 ఉన్న ఫైలొక్కటే, అదీ చేతిసంచిలో. తర్వాత కాటా 24.1 చూపిస్తుంది. ఇక్కడ విధి బహుళం. ఒకసారి వదులుతారు, ఒకసారి వదలరు. వదలకపోతే లోపకార్యం మొదలు. చలికోటు ముందు బయటికొచ్చి ఆగస్టు ఉక్కలో ఒంటిమీదికి ఎక్కుతుంది. తర్వాత పుస్తకాలు. పచ్చడి మీద చెయ్యి వేస్తే తల్లి ఊరుకోదు. చివరికి మేనత్త తెచ్చిన కాజాల డబ్బా బయటపడుతుంది. అయితే అది లోపం కాదు, ఆదేశమే. వచ్చే శుక్రవారం వెళ్లబోయే ఎదురింటి అమ్మాయి పెట్టెలోకి అది పోతుంది. ఆ పెట్టె నిన్న రాత్రే సరిగ్గా 23 తూగింది.