రెండు శాతం వేపమొక్క

పోయిన శనివారం మా మేనల్లుడు హైదరాబాదు నుంచి తుళ్లూరు వచ్చాడు. అమ్మమ్మను చూడ్డానికి కాదు, మొక్క నాటడానికి. ఒక ఏసీ బస్సు, నలభై మంది ఉద్యోగులు, ఒకే రంగు టీ షర్టులు, తొమ్మిది వేపమొక్కలు. తలా ఒకటి రావు కాబట్టి, పెళ్లిలో తాళిబొట్టుకు అందరూ చేతులు తగిలించినట్టు ఒక్కో మొక్కను నలుగురైదుగురు తాకారు.

"ఇదేంట్రా?" అన్నాను.

"సీఎస్ఆర్ మామయ్యా. ఎంగేజ్‌మెంట్ పెరగడానికి."

ఎంగేజ్‌మెంట్ అనేసరికి మా అమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. పిల్లది ఏ ఊరని అడిగింది. ఉద్యోగికి కంపెనీతో అట. మళ్లీ పడుకుంది.

వాళ్లు మొక్కలు నాటిన చోట 2015లో రాజధాని కోసం భూముల్ని పూలింగుకిచ్చేదాకా పత్తి, మిరప పండేవి. ఆ తర్వాత కంపచెట్లు మొలిచాయి. వాటిని 2024లో సర్కారు డబ్బు పోసి మిషన్లతో పీకించింది. ఇప్పుడు కంపెనీ డబ్బు పోసి నాటిస్తోంది. మా నేల ఏ పద్దులోనూ ఖాళీగా ఉండదు.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి 5 కోట్ల లాభమొచ్చినా చాలు, కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. సీఎస్ఆర్ అంటే ఇదే. సొంత ఉద్యోగులకే మేలు చేసే ఖర్చు ఆ లెక్కలోకి రాదు. మంచి నిబంధనే, లేకపోతే దీపావళి స్వీటు డబ్బా కూడా సమాజసేవ అయిపోయేది. అయితే చట్టం గుమ్మంలోంచి పంపేసిన ఉద్యోగిని హెచ్ఆర్ వాళ్లు టీ షర్టు తొడిగి దొడ్డిదారిన తెచ్చారు. సేవ చేయిస్తే మనిషి కంపెనీని వదలడట!

సేవంటే సత్యం కంప్యూటర్స్ రామలింగరాజుగారిది. పల్లెలకు బైర్రాజు ఫౌండేషన్, 2005లో 108 అంబులెన్సులు. లెక్కలన్నీ బోగస్ అని 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాశాక, సుమారు 50 వేల మంది ఉద్యోగులు అంబులెన్సుల గురించి అడగలేదు. ఈ నెల జీతం పడుతుందా అని అడిగారు. 108 ఇప్పటికీ తిరుగుతోంది. సత్యం బోర్డే లేదు.

మనిషిని ఆపేది సేవ కాదు, జీతమన్న సంగతి మా మిరపకోతల మేస్త్రీకి ఏ డిగ్రీ లేకుండానే తెలుసు. కర్నూలు వైపు నుంచి దిగిన ముఠాకు బియ్యం, కట్టెలు, తలదాచుకునే చోటు, దారిఖర్చు ఇవ్వాలి. పక్క చేలో కూలి పది రూపాయలు ఎక్కువంటే మధ్యాహ్నానికే గట్టు దాటేస్తారు. గుడికి సున్నం కొట్టించానని చెప్పి ముఠాను ఆపిన రైతును నేనైతే చూళ్లేదు.

బస్సు హారన్ కొట్టింది. మావాడు బిందె నా చేతికిచ్చి, "రోజూ కాసిని నీళ్లు పొయ్యి మామయ్యా" అన్నాడు.

"మళ్లీ వచ్చి చూసుకోరా?"

"వాళ్ల సంగతి తెలీదు. నేను పోయిన నెలే రాజీనామా ఇచ్చా."

"మరి ఇవాళెందుకొచ్చావు?"

"రిలీవింగ్ లెటర్ సోమవారం ఇస్తామన్నారు మామయ్యా."